పెన్‌డ్రైవ్‌లో పట్టని పాట

గార్లలో ఐలేశ్ ఫొటో స్టూడియో. మిట్టమధ్యాహ్నం. తండా నుంచి వచ్చిన రజిత, కుర్చీ చూపించినా కూర్చోలేదు. చెల్లెలు ఉమను మూడింటికి అత్తారింటికి సాగనంపాలి. ఆ వేళకు తన పెండ్లి వీడియోలోని పాట డీజేలో మోగాలి.

“కాపీ మల్ల ఆగిపాయె.”

“ఆగుడేంది ఐలేశన్నా? అరవై నాలుగు జీబీది, కొత్తది. నా కండ్ల ముంగట్నే సీలు ఇప్పితివి.”

“జాగ లేదంటలేను రజితా. ఫైలు పెద్దగున్నదని అంటున్నది.”

“జాగ ఉంటే పట్టదా?”

“మీ డీజే పెట్టె పాతది. ఫ్యాట్ థర్టీటూ పెన్‌డ్రైవ్ అయితేనే చదువుతది. దాంట్ల ఒక్క ఫైలు నాలుగు జీబీ దాటొద్దు. నీ పెండ్లి వీడియో ఆరు. గోదాం పెద్దదే, దర్వాజ చిన్నది.”

“మరి నేను తెచ్చిన పాత దాంట్ల ఎట్ల పట్టింది?”

“అది ఎన్‌టీఎఫ్‌ఎస్. ఎంత పెద్దదన్న పడుతది. కని గా పెట్టె దాన్ని చదవది.”

“మా టీవీ సుత చదవలే. ఆరేండ్ల కింద నువ్వు ఇచ్చిన్నాడు పెడితే ఏం రాలే. దాచు బిడ్డా, పెద్ద టీవీ కొన్నంక చూద్దమన్నది మా యాడి. టీవీ కొన్నం. అమ్మ లేదు. పెట్టి చూడ పాణం ఒప్పలే.”

“నీ పెండ్లి... తీసింది నేనేనా?”

“నువ్వే. యాదికి లేదా?”

“ఏడాదికి వంద తీస్త. జర కూసో. నీళ్ళు తాగు.”

“నీళ్ళొద్దు. గా పాత దాన్నే ఫార్మాట్ కొట్టి...”

“ఏయ్, ముట్టకు! కొడితే ఉన్నదంత సాఫ్.”

“మరి రెండు ముక్కలు చెయ్.”

“చెయ్యొచ్చు...”

“చెయ్యొచ్చు అనుకుంట చూస్తవేంది?”

“ముక్కలెందుకు, పెట్టెకు బొమ్మతోని పనిలేదు. పాట ఒక్కటే గుంజితే చిన్న ఫైలు. దేంట్లనన్న పడుతది.”

“గంత అల్కటి పనికి గంట సేపు సతాయించినవా?”

“అది కాదు చెల్లె... మంచి సినిమా పాట ఒకటి ఎక్కించి ఇయ్యన్నా? సాగదోలేటప్పుడు అందరు గదే పెట్టుకుంటరు.”

“సినిమా పాటనా? అన్నా, మా తండాల పిల్లను సాగదోలేటప్పుడు తల్లి మెడ మీద పడి ఏడ్చుకుంట పాడుతది. ఢావ్లో అంటం. పొద్దుగాల సంది ఉమది ఒక్కటే మాట. యాడి గొంతు ఇనకుంట గడప దాటనంటున్నది.”

“నువ్వు అక్కవు. నువ్వు పాడరాదు?”

“నా గొంతు అచ్చం యాడి గొంతే అంటరు. పాడనియ్యరు.”

“ఎందుకు?”

“మొగన్ని ఇడిసొచ్చినదాన్ని కదా. నా నోట గా పాట వస్తే ఉమ సంసారం సుత గట్లనే అయితదట. దేవ్యా కాక నలుగుర్ల అన్నడు... ఆగు, ఫోను. హలో గోపాల్! వస్తున్న. కారు స్టార్ట్ చెయ్యనియ్యకు, నీ కాళ్ళు మొక్కుత తమ్మీ, జర ఆపుండ్రి... అన్నా, జల్ది గుంజు.”

“గుంజుతున్న. గిదిగో, ఆఖరుకున్నది. నీ మెడ పట్టుకున్నది మీ అమ్మనే కదా?”

“యాడీ... ఎట్లున్నది చూడు. నా కొంగుతోని కండ్లు తుడుచుకుంటున్నది. సౌండు పెట్టు.”

“రజితా...”

“సౌండు పెట్టన్నా!”

“పెట్టిన.”

“గిదేంది? గీ సినిమా పాటేంది? యాడి నోరు మెదుల్తున్నది కదా, మాటేది?”

“అప్పట్ల గట్లనే చేస్తుంటిమి. ఏడుపు బాగుండదని, ఉన్న సౌండు తీసేసి సినిమా పాట ఏస్తుంటిమి. అందరి పెండ్లిళ్ళకు. మంచిగుంటదనే చేసిన.”

“కెమెరల అసలుది ఉంటది కదా? ఉంటదను.”

“లేదు చెల్లె. మల్లా వారమే గా కార్డు తుడిచి ఇంకో పెండ్లికి వాడిన.”

“నీకు ఎరికే. అందుకే ఫైలు పట్టదు, ఫైలు పట్టదు అనుకుంట కూసున్నవ్.”

“అనుమానం వచ్చింది. చెప్ప నోరు రాలే.”

“ఉన్న ఒక్క గొంతును మింగితివి కదన్నా. ఇప్పుడు ఉమకు ఏం చెప్పాలె? ఏ మొకం పెట్టుకొని పోవాలె?”

“తప్పయింది. ఏం చెయ్యమంటే అది చేస్త.”

“గా పాట ఆపు. సౌండు లేకుంట మల్లొక్కసారి పెట్టు.”

“పెట్టిన. సౌండు లేకుంట ఏం చూస్తవ్?”

“నోరు చూస్తున్న. యాడి గా మాటలు నా చెవులనే కదా చెప్పింది. ఒక్కటి సుత మర్వలే.”

“ఏడ్వకు చెల్లె...”

“ఏడ్వకుంటే గా పాట రాదు. దర్వాజ దగ్గరికి ఏసి మైకు తే. నేను పాడుత, నువ్వు ఎక్కించు. నన్ను పాడొద్దన్న కాక సుత యాడే పాడుతున్నదనుకొని ఏడ్వాలె.”