మెట్ల దగ్గర లైటు

ఆసుపత్రి వరండా, మధ్యాహ్నం. ఆపరేషన్ అయినవాళ్ళని ఉంచే గది బయట బెంచీ మీద అక్క. తమ్ముడు ఇప్పుడే వచ్చాడు.

“బాత్రూంలోనా?”

“మెల్లగా అక్కా, అందరూ వింటున్నారు.”

“విననీ. అమ్మ పడింది మెట్ల మీద. బాత్రూంలో జారిందని నేనెందుకు చెప్పాలి?”

“చెప్పాలని కాదు. ఎవరైనా అడిగితే...”

“ఎవరడుగుతారు?”

“రేపు మా బిల్డింగ్ తనిఖీకి వస్తున్నారు. కరెంటూ నీళ్ళూ ఆదా చేసే బిల్డింగులకిచ్చే గ్రీన్ సర్టిఫికెట్ వాళ్ళు. ఇదే ఆఖరుది. ఉంటున్నవాళ్ళతో, వాళ్ళ బంధువులతో కూడా మాట్లాడతారు. మెట్ల మీద ఎవరో పడ్డారని తెలిస్తే ఇక తవ్వడం మొదలుపెడతారు.”

“ఎవరో కాదురా. అమ్మ.”

“అమ్మే. సరే, అమ్మే.”

“డాక్టరు ఏమన్నాడో అడిగావా?”

“అడుగుదామనే...”

“వచ్చిన దగ్గర్నుంచీ తనిఖీ, తనిఖీ. నేనే చెబుతాను విను. తుంటి ఎముకకి రాడ్డు వేశారు. మళ్ళీ నడుస్తుందా అంటే చూద్దామన్నాడు. డాక్టరు చూద్దామన్నాడంటే ఏంటో నీకు తెలుసుగా?”

“తెలుసు.”

“ఈ బాత్రూం మాట మీ బిల్డింగ్ ఓనరు చెప్పమన్నాడా, నీ సొంత తెలివా?”

“ఆయనేం అనలేదు.”

“అంటే అన్నాడు.”

“కొంచెం చూసుకోవయ్యా అన్నాడు. అంతే. అక్కా, ఎన్నేళ్ళ కష్టమో నీకు తెలీదు. ఇంజనీర్ని నేను, బిల్డింగంతా నా చేతి మీదే లేచింది. వాన నీళ్ళు బొట్టు పోకుండా పట్టించాను. పైన సోలార్ పలకలు. వాడిన నీళ్ళు మళ్ళీ మొక్కలకి. సర్టిఫికెట్ పలక బిగించడానికి గోడకి రంధ్రాలు కూడా వేసేశారు. ఇప్పుడు తప్పితే నా మొహం ఎవరూ చూడరు.”

“నీ మొహం సంగతి సరే. లైట్లు?”

“లైట్లకేం?”

“మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి. అవీ నీ చేతి మీదే లేచాయా?”

“సెన్సరక్కా అది. అన్నిచోట్లా ఉంటుంది. మనిషి లేనిచోట లైటెందుకు?”

“మనిషి ఉంది. మోకాళ్ళు పట్టేస్తే మెట్ల మలుపు దగ్గర కాసేపు ఆగింది. ఆగితే ఇక మనిషి కాదా?”

“ముందు రెండు నిమిషాలు పెట్టాను.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు... కొంచెం తగ్గించాం.”

“కొంచెం అంటే?”

“అర నిమిషం.”

“ఎందుకు తగ్గించావు?”

“సర్టిఫికెట్‌కి మార్కులు చాలలేదు. కరెంటు లెక్కలో రెండు మార్కులు తక్కువొచ్చాయి. ఎక్కడో ఒకచోట కొయ్యాలి. మెట్ల మీద ఎవరుంటార్లే అనుకున్నా. నడిచేది కుర్రాళ్ళే, చకచకా ఎక్కేస్తారు.”

“అమ్మ కుర్రది కాదని నీకెవరూ చెప్పలేదు కాబోలు.”

“అలా మాట్లాడకు.”

“ఇంకెలా మాట్లాడాలి? పట్టపగలు పడిందిరా. బయట ఎండ మండిపోతోంది, లోపల కన్ను పొడుచుకున్నా కనిపించలేదట. ఆ మెట్లకి ఒక్క కిటికీ పెట్టించలేకపోయావా?”

“కిటికీ పెడితే వేడి లోపలికొస్తుంది.”

“దానికీ మార్కులు పోతాయా?”

“పోతాయి.”

“బాగుంది. చాలా బాగుంది. ఏంటి, పైకి చూస్తున్నావు?”

“ఏం లేదు. ఇంత వెలుతురుంది కదా, ఈ వరండాలో ట్యూబులైట్లన్నీ ఎందుకు వేశారో...”

“ఇంకో మాటన్నావంటే చెంప పగులుతుంది.”

“అలవాటక్కా. నోరు జారింది.”

“పేషెంటు తాలూకు వాళ్ళు మీరేనా?”

“మేమే సిస్టర్. నేను కూతుర్ని, వీడు కొడుకు.”

“ఆవిడకి మత్తు పూర్తిగా దిగలేదు. ఊరికే చెయ్యి పైకెత్తి ఊపుతున్నారు. సెలైన్ పెట్టిన చెయ్యి, సూది ఊడొచ్చేస్తుంది. ఎవర్నో పిలుస్తున్నట్టుంది. మీలో ఒకరొచ్చి పక్కన కూచుంటే బాగుంటుంది.”

“వస్తున్నా. మీరు పదండి.”

“నన్నా అక్కా? నన్ను పిలుస్తోందా?”

“నిన్ను కాదు. నీ లైటుని.”

“లైటునా?”

“మెట్ల మీద లైటు ఆరినప్పుడల్లా అలా చెయ్యెత్తి ఊపుతుంది. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను. ఎవరికమ్మా టాటా చెబుతున్నావు అంటే, ఉన్నానని చెబుతున్నానే అంది.”

“నాతోనూ అంది.”

“నువ్వేమన్నావు?”

“నవ్వాను.”

“నవ్వే ఉంటావు.”

“మరి నిన్న పడినప్పుడు ఎందుకు ఊపలేదు?”

“ఏ చేత్తో ఊపుతుంది? ఒక చేతిలో తడిచెత్త, ఒక చేతిలో పొడిచెత్త. రెండూ ఒక సంచిలో వేస్తే మీ వాళ్ళు ఒప్పుకోరుగా. లైటు వెలుగుతుందేమోనని చీకట్లోనే నిలబడిందట కాసేపు. ఎంతకీ వెలగకపోతే కాలు ముందుకి వేసింది. వాచ్‌మన్ వెళ్ళేసరికి కింద పడి కూడా రెండు సంచులూ విడివిడిగా పట్టుకునే ఉందట.”

“చాలక్కా.”

“చాల్లే మరి. నేను లోపలికి వెళ్ళాలి.”

“ఆగు. తప్పు నాదే అంటావు, సరే, నాదే. కానీ ఒక్క మాట చెప్పి వెళ్ళు. మా గుమ్మం పక్కనే లిఫ్టుంది. అందులో లైటు ఆరదు. బటన్ నొక్కితే వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి లిఫ్టు వదిలేసి మెట్లెందుకు దిగింది? నేను దిగమన్నానా?”

“వదిలెయ్.”

“వదలను. పొద్దున్నుంచీ బుర్రలో ఇదే తిరుగుతోంది. ఎవరు దిగమన్నారు?”

“వదిలెయ్ అన్నానుగా. చెప్పనని అమ్మకి మాటిచ్చాను.”

“ఎప్పుడు?”

“పొద్దున, ఆపరేషన్‌కి తీసుకెళ్ళేముందు. స్ట్రెచర్ మీద నా చెయ్యి పట్టుకుని, వాడికి చెప్పకే, బాధపడతాడు అంది.”

“ఏం చెప్పొద్దంది?”

“నీకు పరీక్షలొస్తే ఇంట్లో ఏం చేసేదో గుర్తుందా? టీవీకి దుప్పటి కప్పేసేది. ఎవరొచ్చినా గుమ్మంలోనే మాట్లాడి పంపేసేది. నాన్న దగ్గితే కూడా కసిరేది.”

“దానికీ దీనికీ ఏం సంబంధం?”

“లిఫ్టు తిరిగిన కొద్దీ కరెంటు కాలుతుంది, నా మార్కులు పోతాయి అని భోజనాల దగ్గర అన్నావట.”

“తమాషాకన్నానక్కా. మా ఆవిడ పది సార్లు కిందికీ పైకీ తిరుగుతోందని ఆటపట్టించాను. ఒక ముసలావిడ లిఫ్టెక్కితే పోయే కరెంటెంత? దానికెవడు మార్కులు తగ్గిస్తాడు?”

“అది అమ్మకెలా తెలుస్తుంది?”

“కానీ నాతో వస్తే ఎక్కేదిగా. నేను చూశాను. ఎప్పుడూ నాతో పాటే...”

“నువ్వెలాగూ ఎక్కుతావు కాబట్టి ఎక్కేది. తన ఒక్కదాని కోసం ఆ బటన్ నొక్కలేదు. పాలకి మెట్లు, మందులకి మెట్లు, చెత్తకి మెట్లు. ఏడాదిగా.”

“నాతో ఒక్క మాటైనా...”

“పొద్దున స్ట్రెచర్ మీద కూడా, ఇంకొక్క రోజే కదే అంది. రేపటితో వాడి పరీక్ష అయిపోతుందిగా, ఎల్లుండి నుంచి హాయిగా లిఫ్టులో తిరుగుతాను అంది.”