పసుపు రాసిన పూసల బ్యాండు

పెనుగొండ బజార్లో ఒక ఫ్యాన్సీ షాపు, చలికాలపు మధ్యాహ్నం. కౌంటరుకి ఇవతల కాకినాడ నుంచి బస్సు దిగి వచ్చిన జానకిరామ్, అవతల షాపు యజమానురాలు రమాదేవి. ఆవిడ వెనక గల్లాపెట్టె దగ్గర చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆవిడ భర్త నాగేశ్వరప్రసాద్, ఈ గొడవేమీ తనది కానట్టు కూర్చున్నాడు.

"లేదని చెప్పాను కదా బాబూ, మా అమ్మాయి ఊళ్లో లేదు."

"ఊళ్లో లేదంటే ఎక్కడుందండీ?"

"తణుకు. వాళ్ల పిన్నిగారింటికి వెళ్లింది."

"తణుకెంతండీ, అరగంట. ఆ అడ్రస్ చెప్పండి, నేనే వెళ్తాను."

"అబ్బే, అక్కడ మాత్రం ఉంటుందా! ఇవాళ వాళ్లంతా ఏదో పెళ్లికి వెళ్తామన్నారు. ఇంతకీ నువ్వు భోజనం చేసి వచ్చావా?"

"ఇది మరీ బాగుందండీ. నేను రోజూ ప్రసన్నని అడిగే మాట మీరు నన్ను అడుగుతున్నారు."

"అలాగా."

"నా పేరు జానకిరామ్ అన్నానండీ. ఎరువుల ఫ్యాక్టరీలో పని. ప్రసన్న ఎప్పుడైనా నా సంగతి చెప్పిందా?"

"ఈ కాలం ఆడపిల్లలు అన్నీ తల్లులకి చెప్తారా ఏంటి?"

"పోయిన డిసెంబర్లో వైజాగ్ బీచ్‌లో కలిశామండీ. డీజేల ఫెస్టివల్, రెండ్రోజులు."

"డీజే అంటే, ఊరేగింపుల్లో వ్యాను మీద డబ్బాలు పెట్టి కొడతారే, అదేనా? అది వెళ్తుంటే మా షాపు అద్దాలన్నీ వణుకుతాయి."

"అయ్యబాబోయ్, ప్రసన్న ముందు ఆ మాట అనకండి. తిట్టిపోస్తుంది. ఆ వ్యాన్లకీ దీనికీ సంబంధమే లేదండీ. అక్కడ డీజే రెండు గంటలు నిలబడి, ఒక్క మాట లేకుండా కథ చెప్తాడు. పాట మీద పాట వేస్తాడు, అతుకు ఎక్కడో మీకు దొరకదు. మెల్లగా ఎక్కిస్తాడు, ఇంకా ఎక్కిస్తాడు, జనం చేతులు పైకెత్తేస్తారు, ఇంక తట్టుకోలేం అనుకునేసరికి టక్కున మొత్తం ఆపేస్తాడు. ఇరవై వేల మంది ఉన్నారండీ, సముద్రం హోరు తప్ప ఏం వినపడదు. అప్పుడు ఒక్కసారిగా దరువంతా మీద పడుతుంది, దాన్నే డ్రాప్ అంటారు. చెవుల్లో కాదు ఆంటీ, ఇదిగో, ఇక్కడ పొట్టలో పడుతుంది."

"తెలుసు."

"తెలుసా?"

"అదే... అమ్మాయి చెప్తుంటుందిగా. చెప్పి చెప్పి మా బుర్ర తినేస్తుంది."

"ఆ రోజు ఆఖరి సెట్టు, అదే ఆఖరి వంతు, ఒక నెదర్లాండ్స్ డీజేది. బస్సు పోతుందని నేను మధ్యలో బయల్దేరాను. ముక్కూ మొహం తెలియని పిల్ల, నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. 'డ్రాప్ రాకుండా వెళ్లిపోతావా, నీకసలు బుద్ధుందా' అని."

"దాని నోరే అంత. చిన్నప్పట్నించీ అంతే."

"బస్సు పోయిందండీ. పోతే పోయింది! తన చేతికి మోచేతి దాకా పూసల బ్యాండ్లు. వాటిని అమ్మకూడదట, కొనకూడదట. తెలియని మనిషికే ఇవ్వాలట. చేతిలో చెయ్యి వేసి, వేళ్లు కలిపి, వాళ్ల చేతి మీంచి మన చేతి మీదకి జార్చేస్తారు. అక్కడందరికీ అదొక ఆచారం. నాకిచ్చింది ఇదే. డ్రాప్ అని అక్షరాల పూసలు."

"ఏదీ? ఏదీ, ఒక్కసారి ఇలా..."

"తియ్యనండీ. ఆ రోజు నుంచి తియ్యలేదు."

"తియ్యద్దు నాయనా, తియ్యద్దు. చెయ్యి ఇలా పెట్టు, చూస్తాను. ఈ నీలం పూసలు ఇప్పుడు రావట్లేదు. కంపెనీ వాడు మానేశాడు. మొత్తం డబ్బా మా అమ్మాయే వాడేసింది."

"ఏంటండీ, ఏడుస్తున్నారా?"

"దుమ్ము. బజారు రోడ్డు కదా."

"రమా, ఆ అబ్బాయిని పంపించెయ్. బేరాల వేళ."

"మీరు మీ ప్రవచనం వినండి, నేను మాట్లాడుతున్నాను కదా. ఏం లేదు బాబూ, మా ఆయనకి ఈ మధ్య ప్రవచనాలు పట్టుకున్నాయి. ఆ వైర్లు చెవిలోంచి తియ్యరు. ఊ, ఇంతకీ ఏ పని మీద వచ్చావు?"

"ఆదివారం మళ్లీ ఫెస్టివల్ ఉందండీ. ఆ నెదర్లాండ్స్ డీజేనే వస్తున్నాడు. రెండు పాసులు తీశాను. కాల్ చేస్తే ప్రసన్న ఎత్తదు. వీడియో అంటే నెట్ లేదంటుంది. మెసేజుల్లో మాత్రం గంటలు గంటలు మాట్లాడుతుంది. మా ఇంట్లో సంబంధం చూశారు ఆంటీ, సోమవారం నేను మాట చెప్పాలి. అందుకే చెప్పాపెట్టకుండా వచ్చేశాను. తనకి నేనంటే ఇష్టమో కాదో, తన నోటితో ఒక్క ముక్క వింటే చాలు. కాదంటే ఈ బస్సుకే వెళ్లిపోతాను."

"ఆ సంబంధం చేసుకో బాబూ."

"ఏంటండీ?"

"చేసుకో. మంచిదై ఉంటుంది. మా అమ్మాయికీ కుదిరిపోయింది. శ్రావణంలో మాటలయ్యాయి."

"శ్రావణంలోనా? కాదండీ. శ్రావణంలోనే నా పుట్టినరోజుకి ఇంకోటి కట్టి పంపింది. ఇదిగో, ఈ చేతికి. జాను అని ఉంది చూడండి. సంబంధం కుదిరిన పిల్ల ఇలా పంపుతుందా? కొరియర్లో వచ్చిన కవరు లోపల మీ షాపు స్టాంపుంది. అది పట్టుకునే ఇంత దూరం వచ్చాను."

"కవరు మార్చాల్సింది..."

"ఏమన్నారు?"

"ఏం లేదు. ఏమీ అనలేదు."

"ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. మొదటిది ఎలాస్టిక్ తాడు, ముడి మీద జిగురు చుక్క. రెండోది మామూలు నూలు దారం, ముడి మీద పసుపు. 'ఇదేంటి, పసుపు పూశావు' అని అడిగితే, 'కొత్తది కదా' అని రాసింది. ముచ్చటేసి ఊరుకున్నాను. ఇందాకట్నించీ మీ కౌంటరే చూస్తున్నాను ఆంటీ. ఆ నల్లపూసల కట్టలు, ఆ మొలతాళ్లు, ఆ గాజుల జతలు, అన్నిటి ముళ్ల మీదా పసుపుంది. అవి కట్టేదెవరండీ?"

"నేనే."

"మరి ఇది?"

"పసుపు పెట్టకుండా ఈ షాపులోంచి ఏ దారమూ బయటికి ఇవ్వను బాబూ. మా అత్తగారు నేర్పిన అలవాటు. ముడి పడగానే వేలు పసుపు గిన్నెలోకి దానంతటదే వెళ్లిపోతుంది. చూసుకోలేదు."

"ప్రసన్న ఎందుకు కట్టలేదు? ఆంటీ, ఇటు చూడండి. ప్రసన్న ఎక్కడ?"

"వైజాగ్ నుంచి వచ్చిన నాలుగో రోజున జ్వరం తగిలింది. డెంగ్యూ అన్నారు. తొమ్మిది రోజులు దానికి ఒక్క ముద్ద దిగలేదు. కలిపి నోట్లో పెడితే కక్కేసేది. పదో రోజుకి లేదు."

"ఏ డిసెంబర్లో?"

"ఆ డిసెంబర్లోనే."

"కాదండీ. మీరేదో... నాతో ఏడాదిగా మాట్లాడుతోంది కదండీ!"

"దాని పదకొండో రోజు కర్మకి ఇంటినిండా చుట్టాలు. దాని ఫోన్ మోగింది. 'నా బస్సు పోగొట్టావు కదా, బదులుగా మంచి సెట్టు ఒకటి చెప్పు' అని నువ్వు. ఇల్లంతా అది పోయిందని ఏడుస్తుంటే, దాన్ని ఉన్న మనిషిలా పలకరించినవాడివి నువ్వొక్కడివే. అసలు సంగతి చెబుదామనే ఫోన్ తీశాను. చెయ్యాడలేదు. 'చెప్తా, ఆగు' అని రాశాను."

"నిమిషానికి నూట ఇరవై ఎనిమిది బీట్ల పాటలే మనసుకి పడతాయని రాసింది..."

"నేనే. దాని నోటుపుస్తకం ఉంది. ఏ డీజే ఏ సెట్టులో ఎన్నో నిమిషానికి డ్రాప్ ఇస్తాడో అన్నీ రాసి పెట్టుకుంది. అది చూసుకుని, వంటింట్లో ఫోన్లో పెట్టుకుని విని, నీకు రాసేదాన్ని. మొదట్లో తల పగిలిపోయేది. రానురాను డ్రాప్ ఎప్పుడొస్తుందా అని చూస్తూ పులుసు అడుగంటించేదాన్ని."

"మా అమ్మకి కూడా చెప్పని విషయాలు చెప్పుకున్నానండీ నేను! మా నాన్న తాగుడు సంగతి, నా భయాలు, అన్నీ! ఏడాది! లేని మనిషితోనా నేను..."

"తిట్టు బాబూ. నోరారా తిట్టు. నేను చేసింది మహా పాపం. అందుకే దసరాకి మానేశాను."

"మానేశారా?"

"ఈయన చూసేశారు. 'పోయిన పిల్ల పేరు పెట్టి ఎవరి బిడ్డ ఉసురు పోసుకుంటావే' అని అరిచారు. ఆ ఫోన్ లాక్కుని సిద్ధాంతం రేవుకి వెళ్లి గోదాట్లో పడేసి వచ్చారు. ఆ రోజు నుంచి నీకు నేనొక్క అక్షరం రాస్తే ఒట్టు. నాలుగు రోజులు ఎదురుచూసి, పొగరుబోతు పిల్ల అనుకుని మర్చిపోయి ఉంటావులే అనుకున్నాను."

"ఆంటీ, దసరా వెళ్లి రెండు నెలలు దాటింది."

"అవును."

"దీపావళికి నాకు శుభాకాంక్షలు ఎవరు పెట్టారు?"

"ఏంటి?"

"తుపాను వచ్చిన రోజు 'డ్యూటీకి వెళ్లకు, గాలి ఎక్కువగా ఉంది' అని ఎవరు పెట్టారు? ఇవాళ పొద్దున్న ఎనిమిదింపావుకి 'షాపులోనే ఉన్నాను, బేరాల్లేవు' అని ఎవరు పెట్టారు? చూడండి. ఇది ప్రసన్న ఫోటోనా? ఇది ప్రసన్న నంబరేనా? ఇవాళ తేదీయేనా?"

"నన్ను భయపెట్టకు బాబూ. నీకు దణ్ణం పెడతాను."

"ఇదిగో ఫోను, మీరే పట్టుకుని చూడండి!"

"గోదాట్లో పడిన ఫోను ఎలా రాస్తుంది? నేను రాయలేదు. దాని మీద ఒట్టు, నేను రాయలేదు. ఏవండీ! ఏవండీ, మిమ్మల్నే, ఫోను గోదాట్లో వేశానన్నారు కదా?"

"బేరాల వేళ రమా, ఇప్పుడెందుకు..."

"షాపులో పురుగు కూడా లేదు, ఏం బేరాలు! ఆ చెవిలోవి తియ్యండి. తియ్యండంటుంటే! ఇటివ్వండి. ఇది... ఇది ప్రవచనం కాదు!"

"ఏంటండీ అది?"

"ఆ నెదర్లాండ్స్ వాడిదే బాబూ. వైజాగ్‌లో కొట్టిందే. నోటుపుస్తకంలో నలభై ఒకటో నిమిషం అని రాసి కింద గీత గీసి ఉంటుంది, ఆ చోటే. ఏవండీ, ఈ వైరు చివరున్నది ఎవరి ఫోను? జేబులోంచి బయటికి తియ్యండి."

"రమా..."

"తియ్యండి!"

"అంకుల్, అది ప్రసన్న ఫోనేనండీ. వెనకాల ఆ నీలం పూసలు. నన్ను చొక్కా పట్టుకుని ఆపినప్పుడు తన చేతిలో ఉన్నది అదే."

"నా మీద అన్నేసి కేకలు వేశారు. ఉసురన్నారు, పాపమన్నారు. మరి మీరు చేసిందేంటండీ?"

"పారెయ్యడానికే వెళ్లాను రమా. సిద్ధాంతం రేవులో మోకాలి లోతు నీళ్లలోకి దిగాను. చెయ్యి చాపాను కూడా. అప్పుడు మోగింది."

"ఏమని?"

"ఈ అబ్బాయే. 'తిన్నావా' అని అడిగాడు. మన పిల్లని 'తిన్నావా' అని అడిగాడే... తిన్నానని రాశాను."