పాత తేదీ కొట్టనివ్వని డెల్మీరక్క

సభకు అధ్యక్షత వహిస్తున్న మన పాతకార్ల క్లబ్బు పెద్ద డాక్టర్ సుబిరియా గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక నిలబడి అప్పుడే ఎంపనాడాలు తినడం మొదలుపెట్టేసిన మా షెడ్డు మిత్రులకు (నవ్వులు), వీళ్లందరికంటే మిన్నగా, నలభై రెండేళ్లు మన రఫేలా ఊళ్లో పాత ఇంజిన్లకు విడిభాగాలు వెతికిపెట్టి ఇవాళ్టితో ఆ కౌంటరు దిగుతున్న డెల్మీరా జకోసా గారికి, మా అక్కకి, నమస్కారం.

నన్ను ఎరగనివాళ్లుంటే, నేను అనీబల్‌ని. ఆ కౌంటరు వెనక షెడ్డులో ఇంజిన్లు విప్పి బిగించేవాణ్ణి. నాకు స్పానరు పట్టడం వచ్చినంతగా మైకు పట్టడం రాదు, తప్పులుంటే అక్క ఎలాగూ కూర్చున్నచోటి నుంచే దిద్దుతుంది. (నవ్వులు) అదిగో, అప్పుడే చెయ్యి ఊపుతోంది.

ఆవిడ పనితనం మీలో చాలామందికి తెలుసు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మీరు తెచ్చిన కార్బురేటర్ మీద బొటనవేలితో ఒకసారి రాసి, "ఈ బండి పుట్టిన రెండేళ్లకి గానీ ఇది పుట్టలేదు నాయనా, తమ్ముణ్ణి పట్టుకొచ్చి అన్న అంటావేం?" అని తిప్పి పంపించిన రోజులు ఈ హాల్లో ఎవరికి లేవు చెప్పండి? రొడోల్ఫో, నువ్వు చెయ్యి దించు, నీకు నాలుగుసార్లయిందని మాకు తెలుసు. (నవ్వులు)

కానీ నేను లేచింది ఆ సంగతులకి కాదు. పన్నెండేళ్ల కిందట ఇదే వేదిక మీద, పాత బండిని నిజాయితీగా నిలబెట్టినందుకని మీరు నాకొక పతకం ఇచ్చారు. ఆ పతకం ఎవరిదో చెబుదామని లేచాను.

డాక్టరు గారి ఎర్రబండి మీకు తెలుసు. 1954 నాటి ఇటలీ పందెపు కారు, అలాంటివి మన దేశానికి వచ్చినవే వేళ్ల మీద లెక్క. ఇంజిన్ విప్పి చూద్దును కదా, సిలిండర్ హెడ్ నిలువునా చీలిపోయి ఉంది, అతకడానికి కూడా లేదు. నవంబరు ర్యాలీకి మూడు నెలలు. ఆ కాలపు భాగాలుంటేనే బండిని రానిస్తారు. నేను కొర్దొబాలో ఒక పనిమంతుడి చేత కొత్త హెడ్ పోత పోయించాను, బంగారంలా వచ్చింది, లోపమల్లా ఒకటే, అది నిన్న పుట్టింది. అంచున పాత ఏడాది అంకెలు కొట్టేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకుని అంకెలు అచ్చొత్తే పంచ్‌లు, సుత్తి తీశాను.

డాక్టరు గారూ, ఈ మాట మీరు ఇవాళే వింటున్నారు. (సభలో గుసగుసలు) కాస్త ఓర్చుకోండి, పూర్తిగా విని తిట్టండి.

సరిగ్గా అప్పుడు అక్క లోపలికొచ్చింది.

"ఏం కొడుతున్నావురా?"

"అంకెలక్కా."

"ఏ ఏడాదివి?"

నేను సుత్తి వెనక్కి దాచబోయాను. ఆవిడ సుత్తి తీసుకుని బల్ల మీద పెట్టింది. "కొత్తది పెట్టడం తప్పు కాదు, కొత్తదని చెప్పి పెట్టు. ఇలా కొట్టావంటే ఆ బండికి అబద్ధం నేర్పినవాడివవుతావు. రేపు మనం పోయాక అది నోరు విప్పి నిజం చెప్పుకోలేదు."

"అయితే పాతది నువ్వు తెచ్చివ్వు, చూస్తా!" అని కసిరాను.

ఆవిడ వారం రోజులు పాత పడవపందేల పత్రికలు ముందేసుకుని కూర్చుంది. ఎవరో ఎప్పుడో దెబ్బతిన్న ఇలాంటి కారు ఇంజిన్‌నే పందెపు పడవకి ఎక్కించారని చిన్నప్పుడు విన్న మాట ఆవిడ మరిచిపోలేదు. మూతతీసిన పడవ ఫోటో ఒకటి దొరికితే, భూతద్దంతో నట్లు లెక్కపెట్టి, "ఇదేరా" అంది. ఆ పడవ మూడు చేతులు మారి రెకొంకిస్తా రేవులో గుమెర్సిందో అయాలా అనే జాలరి దగ్గర తేలింది. పొద్దున్నే బస్సెక్కి ఇద్దరం వెళ్లాం.

పడవలో చేపల బుట్టల కింద ఉంది ఇంజిన్. పొలుసులు తుడిచి చూస్తే అంచున అసలైన అంకెలు. అక్క చెవిలో, "పాత ఇనుమని చెప్పు. బదులు కొత్త మోటారిస్తామంటే ఎగిరి గంతేస్తాడు" అన్నాను.

ఆవిడ నన్ను మోచేత్తో పక్కకి నెట్టి, "గుమెర్సిందో గారూ, దీని వెల మీ పడవకంటే, మా ఇంటికంటే ఎక్కువ. అది తెలిశాకే ఇస్తారో ఇవ్వరో చెప్పండి" అంది.

నా ప్రాణం కాస్తా అక్కడే పరానా నదిలో కలిసిపోయింది. (నవ్వులు)

ఆయన చేతిలోని మాతే తేనీరు ఒక గుక్క పీల్చి నవ్వాడు. "పాత ఇనుమని చెప్పడానికి మీకంటే ముందు ముగ్గురొచ్చారమ్మా. పాత ఇనుము కోసం ఇంత దూరమొచ్చారా అయ్యా అని సాగనంపాను. మీరు నిజం చెప్పారు. అయినా ఇవ్వను. ఇది ఆగితే నా పొయ్యి ఆగుతుంది."

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆవిడ మరో మూడుసార్లు వెళ్లింది. ఆయన పడవకి సరిపోయే డీజిల్ మోటారు వెతికింది, దాన్ని నా చేతే బిగించింది, మూడు రోజులు ఏటి దోమలకి నా ఒళ్లు విందు. అది వలలు నిండిన పడవని ఎదురునీటిలో లాగడం కళ్లారా చూశాకే ఆయన పాతది విప్పనిచ్చాడు. డాక్టరు గారు వెల పూర్తిగా ఇచ్చారు, అది ఆయన గొప్పతనం.

హెడ్ లోపల ఏటినీరు తినేసిన చోట్లన్నీ పూడ్చేసరికి ర్యాలీ దాటిపోయింది. మార్చిలో ఇంజిన్ మొదటిసారి మేలుకున్నప్పుడు గుమెర్సిందో కూడా వచ్చాడు. టోపీ తీసి చాలాసేపు విని, "నా దగ్గర దగ్గేదయ్యా ఇది, ఇక్కడ పాడుతోంది" అన్నాడు. మీరు నా మెడలో పతకం వేసినప్పుడు అక్క వెనక వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. సుత్తి మాట ఈనాటిదాకా ఒక్కరితో అనలేదు. ఆ మౌనం నన్ను పన్నెండేళ్లు నిద్రపోనివ్వలేదు, అయితే ఆ తర్వాత నా షెడ్డులోంచి ఒక్క అబద్ధపు అంకె బయటికి పోనివ్వలేదు కూడా.

మొన్న అరలు సర్దుతుంటే అడిగాను, "అక్కా, నలభై రెండేళ్లలో నీకెప్పుడూ 'ఇది చాల్లే, ఎవరు చూడొచ్చారు' అనిపించలేదా?" అని.

"ఎందుకనిపించదురా? ప్రతిసారీ అనిపించేది," అంది. "ఆ బుద్ధి గట్టిపడకముందే బస్సెక్కేసేదాన్ని."

డాక్టరు గారూ, మీరు ఇక తిట్టొచ్చు. అక్కా, నీ రుణం మాటలతో తీరేది కాదు. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.