రాణి లద్దె ఎయ్యని పొద్దు

"అవ్వా, మన రాణికి పానం బాగలేదని నీకు ముందుగాల ఎట్ల ఎర్కైంది?" అంటున్నవా. ఎర్కైతే గదే గొప్ప బిడ్డా... కండ్ల ముంగటనే ఉన్నది, సూస్తనే ఉన్న, తెల్వలే.

పోయిన మాఘంల రాణిని మాక్లూర్ దిక్కు పెండ్లికి కిరాయికి తోలుకపోయిండు మీ తాత. ఆయన పానమంత గా తెల్ల గుర్రం మీదనే గద. పిల్లగాడు గుర్రమెక్కే ముందు అక్కసెల్లెండ్లు దానికి నానిన శెనగపప్పు తినిపిస్తరు, అది రివాజు. పిడికెడు సాలు. మా కాలంల శెనగలు గింతగింత కొనుక్కునేటిది, గుర్రానికి గిన్ని పెడుదురా? గా పిల్లగానికి ముగ్గురక్కలు... కాదు కాదు, నలుగురు, ఆమీద మ్యానత్త బిడ్డలు. అందరి చేతుల నిండు పళ్లాలే. తాత వద్దంటే, "ఏం తాతా, మా తమ్ముని పెండ్లిల గుర్రాన్ని ఉపాసముంచుతవా?" అని ఎక్కిరిచ్చిన్రట. ఇగ ఆయన పక్కకు జరిగిండు, అది పళ్లాలన్ని ఖాళీ చేసింది.

తెల్లారి అది గడ్డి ముట్టలే. తలకాయ తిప్పి తిప్పి పొట్ట దిక్కు సూసుకునుడు, ముంగటి కాలుతోటి నేల గీకుడు, పండుడు, లేసుడు. మెడ మీద సెమట. తెల్లటి జీవం, ఊరంత సూసింది, దిష్టి తాకిందనుకున్న. ఉప్పు, ఎండు మిరపకాయలు మూడుమాట్లు తిప్పి పొయ్యిల ఏసిన. ఘాటు రాలే. అయితే శానా దిష్టి ఉన్నదని మల్ల తిప్పిన. అట్లనే పొద్దు నెత్తి మీదికొచ్చింది.

మీ తాత వాము, నూనె సీసల కలుపుకొని వచ్చిండు, గొంతుల పోస్తనని. కొట్టం ఊడ్సేది నేనే గద బిడ్డా, రోజు గంపెడు లద్దె ఎత్తుత. గప్పుడు సూస్తే కింద సాఫ్‌గున్నది. ఒక్క ఉండ లేదు. గిది దిష్టి గాదు, కడుపు బందైందనుకున్న. దాని పొట్టకు చెవి పెట్టిన. ఎప్పుడు సల్ల చిలికినట్టు గుడగుడ అంటది... సప్పుడే లేదు.

తలుపుకు అంటిచ్చిన టీకాల కాయిదం మీది నంబర్ సూసి, నీ పుస్తకంల నేర్సుకున్న అంకెలే కూడబలుక్కొని, పశువుల డాక్టర్‌కు ఫోన్ కొట్టిన.

"ఎప్పటి సంది అమ్మా?" అన్నడు.

తాత ఫోన్ గుంజుకొని, "ఇప్పుడే సార్, ఇప్పుడే షురువైంది" అన్నడు. ఇజ్జత్ పోతదని.

నేను మల్ల గుంజుకున్న. "కాదు సారూ, తెల్లారంగ సంది. దిష్టి తీసుకుంట కూసున్న. నాదే తప్పు."

డాక్టర్ తిట్టలే. "నోట్లె ఏం పొయ్యకుండ్రి, ఊపిరితిత్తులల్లకు పోతే సస్తది. మేత తీసెయ్యుండ్రి, పొర్లనియ్యకుండ మెల్లగ నడిపియ్యుండ్రి. మాపటికి వద్దామనుకున్న గని, ఇప్పుడే ఎల్తున్న" అన్నడు.

చెరుకు బండ్లు పోయే తొవ్వ పొంట నడిపిచ్చినం, మీ తాతొక దిక్కు, నేనొక దిక్కు. నా మోకాళ్లు గా పొద్దే అరిగినయో ఏమో. డాక్టర్ వచ్చి ముక్కుల నుంచి పైపు ఏసి మందు పోసిండు, సూదులిచ్చిండు. పొద్దు వాలంగ తప్పుమని లద్దె పడ్డది. నవ్వకు... వట్టి చేతులతోటే ఎత్తిన, ఏడ్సుకుంట.

నువ్వు నేర్పిన అంకెలే దాన్ని బతికిచ్చినయి, సల్లగ బతుకు బిడ్డా. నలభై ఏండ్ల కాపురంల మీ తాత మాటకు అడ్డం చెప్పింది గదొక్కసారే. నోరెట్ల వచ్చిందో... ఏమో, ఇప్పటికీ తెల్వదు నాకు.