ఆఖరి అద్దం జారిన రోజు

సభాధ్యక్షులైన యజమానిగారికి, ముందు వరసలో కునుకు తీస్తున్న పెద్దలకు, టిఫిను కోసం మాత్రమే మేలుకుని ఉన్న మిత్రులకు నమస్కారం. ముందుగా ఒక గంభీర ప్రకటన. నేటి నుంచి మన వర్క్‌షాపులో కిటికీ పక్కనున్న మూడు కాళ్ల స్టూలు మీద ఎవరూ కూర్చోరాదు. దాని పైనున్న ఫ్యాను వేయరాదు. దాని ముందున్న బల్ల మీది గాజు గ్లాసులో టీ పోసుకోరాదు. పోసుకుంటే నాకేం పోదు, అందులో టంకం అంటుకోవడానికి పూసే ఫ్లక్స్ మందు కలిపేవారు గనుక పోయేది మీ పేగులే. (నవ్వులు)

ఆ స్టూలు నేటితో ఖాళీ. మీ అందరికీ పెద్దమేస్త్రి, మా అక్కకు మొగుడు, నాకు బావ, పని మానేస్తున్నాడు.

రంగులు పూయడం తప్ప వేరే లోకం తెలియని పెయింటు గదివాళ్ల కోసం చెబుతున్నాను. అరచేతిలో పట్టే ఇత్తడి బొమ్మ కారుకు టంకం పెట్టడంలో చిక్కేమిటంటే, కొత్త అతుకు కోసం పెట్టే వేడి పక్కనున్న పాత అతుకును కరిగిస్తుంది. అందుకే బావ ఎక్కువ వేడికి కరిగే టంకంతో మొదట తలుపులు అతికి, ఆ తర్వాత అంతకంటే తక్కువ వేడికి కరిగేదానితో బంపరూ దీపాలూ పెట్టి, అన్నిటికంటే తేలిగ్గా కరిగేదాన్ని పక్క అద్దాల కోసం ఆఖరికి ఉంచుకునేవాడు. అతికినవాటి మీద తడి దూది కప్పేవాడు, జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద గుడ్డ వేసినట్టు. చేరిన కొత్తలో నేను టంకం కరిగించే ఐరన్ పట్టుకుని, "దీని మొన ఎంతసేపు ఆనించాలి బావా?" అని అడిగితే, "మీ అక్క మాటల మధ్య ఊపిరి తీసుకునేంతసేపు" అన్నాడు. అంటే ఆనీ ఆననట్టన్నమాట. (నవ్వులు) అక్కా, నన్ను చూస్తావేం, అన్నది నీ మొగుడు.

పోయిన వారం, ఎండాకాలమంతా కూర్చుని చేసిన పొడుగు ముక్కు కారుకు ఆఖరి అద్దం పెడుతుంటే, ఐరన్ మొన అక్కడే ఉండిపోయింది. మొదట అద్దం జారింది. తర్వాత దీపం. తర్వాత బంపరు టప్పున బల్ల మీద పడింది. ఎవరమూ తలెత్తలేదు. బావ ఐరన్‌ను స్టాండులో పెట్టి, దూది పిండి ఆరేసి, "ఇంక చాల్లేరా" అని చెప్పులేసుకున్నాడు.

ఆ తప్పు ఆయనది కాదని ఈ సభాముఖంగా చెబుతున్నాను. ఆయన టీకి వెళ్లినప్పుడు ఐరన్ వేడి పెంచే నాబ్‌ను ఆ చివరికంటా తిప్పింది నేను. నా సంగతి మీకు తెలియనిది కాదు, క్యాషియరుగారి టిఫిను డబ్బా మూతకు టంకం పెట్టిందీ నేనే. (నవ్వులు) కాబట్టి బావా, నన్ను కడుపునిండా తిట్టు. కావాలంటే రెండు తగిలించు. తగిలించి, సోమవారం వచ్చి ఆ స్టూలు మీద కూర్చో. బంపరు నా జేబులోనే ఉంది.

(ముందు వరసలోంచి పెద్దమేస్త్రి చెయ్యెత్తి: "ఊరుకోరా. ఇంక కూర్చో.")

చూశారుగా. ఎత్తిన చెయ్యి ఎలా ఉందో మీరూ చూశారు. అక్క దాన్ని పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇంట్లో మంచినీళ్ల గ్లాసుకు కూడా ఇప్పుడు రెండు చేతులూ కావాలి. సరే బావా. కూర్చుంటాను.

శాలువా తెచ్చిన యజమానిగారికి, కుర్చీలు వేసినవారికి కృతజ్ఞతలు. అన్నిటికంటే పెద్ద కృతజ్ఞత మా వర్క్‌షాపువాళ్లకు. ఎందుకంటే, బావ ఐరన్ పాతకాలపుది. ప్లగ్గు పెడితే కాలుతుంది, తీస్తే ఆరుతుంది. దానికి అసలు నాబే లేదు. అది నేను కల్పించాను. ఆ సంగతి మీ అందరికీ తెలుసు, అయినా నేను చెబుతున్నంతసేపూ ఒక్కరూ కాదనలేదు.

సెలవు.