విమానం పెట్టె అప్పగింతలు

ఇంత ఎండలోనూ కోటు విప్పకుండా ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మన స్కూలు కమిటీ ప్రెసిడెంటు వెంకట్రామయ్య గారికి, ఆయన పక్కనే కూర్చుని గడియారం వైపు చూడకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నిస్తున్న హెడ్మాస్టరు శివరామయ్య గారికి, నాతో పాటు ఈ బళ్ళో సుద్దముక్కలు అరగదీసిన ఉపాధ్యాయ మిత్రులకు, మాచర్ల పెద్దలకు, కుడివైపు బెంచీల మీదున్న తల్లులకు, అక్కచెల్లెళ్ళకు, ప్రహరీ గోడెక్కి కూర్చున్న విద్యార్థులకు మీ సైన్సు మాస్టారు దానయ్య నమస్కారాలు. ఒరేయ్, గోడ మీద వాళ్ళూ, కాళ్ళు ఊపకండి. ఆ గోడ నాకంటే ముందే రిటైరు కావలసింది. (నవ్వులు)

ఇందాకటి నుంచి మాట్లాడిన వాళ్ళంతా నన్ను పొగిడిన పొగడ్తలకు మా ఆవిడ కూడా మెడ చాచి, ఆ మహానుభావుడు ఎవరా అని స్టేజీ వైపు వెతుక్కుంది. మీ అభిమానానికి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. అయితే నా సర్వీసు గురించి నేనేమీ చెప్పను. మీరందరూ నా నోట వినాలని ఎదురుచూస్తున్నది మన స్కూలు విమానం గొడవ అని నాకు తెలుసు, అధ్యక్షుల వారు మాత్రం వినకూడదని కోరుకుంటున్నది కూడా అదేనని తెలుసు. ఆయన మీదున్న గౌరవం కొద్దీ క్లుప్తంగా చెబుతాను. దాని చివర ఒక మనవి ఉంది. ఆ మనవి తేలేదాకా స్టేజీ దిగను, ముందే చెబుతున్నాను, టీ చల్లారిపోతే నన్ననకండి.

సాగర్ డ్యాము పని ముగింపుకొచ్చి ఇంజనీర్లంతా ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుంటున్న రోజుల్లో, విదేశాల్లో చదివొచ్చిన ఒక ఇంజనీరు గారు పోతూ పోతూ తన చిన్న విమానాన్ని, దాన్ని నడిపే రేడియో పెట్టెను మన స్కూలుకు బహుమతిగా ఇచ్చి వెళ్ళారు. రెక్కలు చాపితే గుమ్మంలో పట్టని విమానం. పెట్టెను పటకాతో మెడకు తగిలించుకుంటే పొట్ట ముందు రెండు పుల్లలు నిలబడి ఉంటాయి. ఎడమ చేతి కిందిది ఇంజనుది. ముందుకు తోస్తే జోరు, వెనక్కి లాగితే నిదానం. కుడి చేతి కిందిది తోలే పుల్ల. దాన్ని మన వైపు లాగితే విమానం ముక్కు పైకి లేస్తుంది, ముందుకు తోస్తే కిందికి దిగుతుంది, పక్కలకు వంచితే అటూ ఇటూ తిరుగుతుంది. ఇంతే విద్య. ఈ ఇంతే విద్య నా చేతులకు ఎక్కేసరికి విమానం రెక్కలు ఎన్నిసార్లు అతికించానో మన వడ్రంగులకు తెలుసు. దాని ఇంజనుకు స్పిరిట్టులో ఆముదం కలిపి పొయ్యాలి. అందుకని నా చొక్కాలు ఎప్పుడూ ఆముదం వాసన కొట్టేవి, మా ఆవిడ వాటిని విడిగా ఉతికించేది, చర్చిలో నా పక్క బెంచీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. (నవ్వులు) అయినా చెబుతున్నాను, అది గాల్లోకి లేచి, పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని తలలు ఎత్తి చూస్తుంటే, నాకు ఈ ఉద్యోగంలో దానికి మించిన సంతోషం ఇంకోటి లేదు.

నిరుడు మన స్కూలుకు రూతమ్మ టీచరు వచ్చింది. టెంపరరీగా, నాకు సాయంగా. అదిగో, తల్లుల బెంచీలో చివర, తల వంచుకుని కూర్చుంది. తలెత్తమ్మా, నిన్ను తిట్టటం లేదు. ఈ అమ్మాయిది ఎడమచేతి వాటం. వాళ్ళమ్మ పాపమ్మ గారు కూడా ఇక్కడే ఉన్నారు, చిన్నప్పుడు అన్నం దగ్గర కూర్చోబెట్టినప్పుడల్లా ఈ పిల్ల ఎడమ చేతిని గుడ్డతో నడుముకు కట్టేసేవారట. చర్చిలో కానుకల పళ్ళెంలో ఎడమ చేత్తో కానుక వేసిందని పెద్దలు మళ్ళీ తీయించి కుడి చేత్తో వేయించారట. అన్ని విధాలా బాగుచేసి పంపినా, బోర్డు దగ్గర తొందరలో ఉన్నప్పుడు సుద్దముక్క దానంతటదే ఎడమ చేతిలోకి వెళ్ళిపోయేది. పిల్లలు చూసి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వేవాళ్ళు.

ఆ అమ్మాయికి విమానం నేర్పుదామని పెట్టె మెడలో వేశాను. గాల్లోకి బాగానే లేచేది. కానీ తోలే పుల్ల కుడి చేతి కింద ఉంది గదా, ఆ చేతికి సున్నితం లేదు. కాస్త వంచవలసిన చోట పూర్తిగా వంచేది, విమానం పోయి తుమ్మచెట్టు ఎక్కేది. ఒకరోజు చెట్టు కింద నిలబడి అడిగింది. "మాస్టారూ, ఈ పుల్లల్ని అటుది ఇటు, ఇటుది అటు మార్చటం కుదరదా?"

నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఆలోచనే రాలేదు. అన్నం కుడి చేత్తో తిన్నట్టు, విమానం కుడి చేత్తో తోలాలని నేను కూడా అనుకున్నాను. ఇంజనీరు గారి మాటలు అప్పుడు జ్ఞాపకం వచ్చాయి. ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతిలో పెట్టుకుంటారు, దీన్ని మోడ్ మార్చటం అంటారని ఆయన ఏదో చెప్పారు, నేను తలూపి ఊరుకున్నాను. సరేనని రేడియోలు బాగుచేసే మన జాన్ సాహెబ్‌ను పిలిచాను. ఏం సాహెబ్, ఉన్నారా? ఆ, వెనక ఉన్నారు. పెట్టె మూత విప్పాం. తోలే పుల్లకు స్ప్రింగులు ఉంటాయి, చెయ్యి తీయగానే నడిమధ్యకు వచ్చి నిలబడాలి గదా. ఇంజను పుల్లకు స్ప్రింగు ఉండదు, దాని కింద పళ్ళున్న చిన్న రేకు ఉంటుంది, పెట్టిన చోట పెట్టినట్టే ఉండటానికి. ఆ స్ప్రింగులు ఇటు తెచ్చాం, రేకు అటు బిగించాం, వైర్లు ఊడదీసి అటువి ఇటు అతికించాం. ఒక స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడితే, సాహెబ్ గారి గడ్డంలో దొరికింది. (నవ్వులు) మూత బిగించి రూతమ్మ చేతికిచ్చాను. ఆ సాయంత్రం అది ఎగరేస్తుంటే నేను పక్కన నిలబడి చూశాను. నేను రెక్కలు విరగ్గొట్టుకుని నేర్చుకున్నది ఆ ఎడమ చేతికి పుట్టుకతోనే వచ్చినట్టుంది. నాకు కొంచెం అసూయ కూడా వేసింది, దాచుకోవటం ఎందుకు.

ఇక ఫిబ్రవరిలో మన వార్షికోత్సవం. విమానం ఎగరేసేది రూతమ్మ టీచరు అని నేను ప్రకటించగానే అధ్యక్షుల వారు నన్ను పక్కకు పిలిచారు. ఏమన్నారో ఆయన మాటల్లోనే చెబుతాను, మన్నించాలి.

"ఏంది మాస్టారూ, శుభమా అని పండగ చేసుకుంటుంటే ఎడం చేత్తోనా? ఊరంతా కూసోని ఉంది. నువ్వుండగా ఆ పిల్లెందుకు? నువ్వే కానీ."

"అయ్యా, పెట్టెలో పుల్లలు ఆ అమ్మాయి వాటానికి మార్చి ఉన్నాయండీ" అన్నాను.

"పుల్లలు ఏడుంటే ఏం? తోలేవాడివి నువ్వేగా!" అన్నారు.

పెద్దమనిషి మాట. పైగా మన స్కూలు స్థలం ఇచ్చిన కుటుంబం. పెట్టె మెడలో వేసుకున్నాను. మళ్ళీ విప్పి మార్చే వ్యవధి లేదు. 'ఇంజను కుడి, తోలేది ఎడమ' అని స్తోత్రంలా నోట్లో అనుకుంటూ మొదలుపెట్టాను. మీరందరూ చూశారు, లేవటం చక్కగా లేచింది. చప్పట్లు కూడా కొట్టారు. అలా రెండు చుట్లు తిరిగిందో లేదో, వెనక నుంచి అధ్యక్షుల వారు, "చానా ఎత్తు పోతంది మాస్టారూ, తగ్గించు, తగ్గించు!" అని కేక వేశారు.

ఆ కేక నా చెవికి అందింది గానీ నా బుర్రకు చేరలేదు, తిన్నగా చేతులకే పోయింది. ఇంజను తగ్గించాలంటే ఎడమ పుల్ల లాగటం నా చేతులకు అలవాటు. లాగాను. ఇప్పుడు ఎడమ పుల్ల ముక్కును లేపేది గదా! విమానం నిట్టనిలువుగా లేచింది. "తగ్గించమంటే పెంచుతావేంది!" అని ఆయన. ఇంకా గట్టిగా లాగాను. అది వెల్లకిలా తిరిగి, గుండ్రంగా పల్టీ కొట్టి, తిన్నగా స్టేజీ వైపు దిగటం మొదలుపెట్టింది. మీరంతా అది నా గొప్ప విద్య అనుకుని ఈలలు వేశారు. (నవ్వులు) నేల దగ్గరకొస్తోంది, ముక్కు లేపాలి అని కుడి పుల్ల లాగాను. ఉన్న ఇంజను కాస్తా నీరుగారింది. అధ్యక్షుల వారు కుర్చీలోంచి లేచారు. లేవకపోయినా బాగుండేది, ఎందుకంటే అది సరిగ్గా ఆయన కోటు గుండీల ఎత్తున వస్తోంది.

అప్పుడు ఈ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. పటకా నా మెడలో ఉండగానే, ఎదురుగా నిలబడితే తారుమారు అవుతుందని నా పక్కకు వచ్చి, "చేతులు తియ్యండి మాస్టారూ" అంది. విద్యార్థిని ఉపాధ్యాయుడు గద్దించినట్టు అంది. తీశాను. కుడి చేత్తో ఇంజను పెంచి, ఎడమ చేత్తో పుల్లను చిటికెన వేలంత వెనక్కి తీసింది. విమానం అధ్యక్షుల వారి తల మీదుగా, ఆయన క్రాపు చెదిరేటంత దగ్గరగా పోయి, గోడ దాటి, ఆయన కల్లంలోనే ఆరబోసిన మిరపకాయల మీద కోడి వాలినట్టు వాలింది. రెక్క విరగలేదు. చక్రం ఊడలేదు. అయితే ముందున్న పంకా ఇంకా తిరుగుతూనే ఉంది. గాలి మన వైపు ఉంది. ఆ తర్వాత జరిగింది చెప్పటానికి నాకు సాధ్యం కాదు, ఇక్కడున్న ప్రతి ముక్కుకూ జ్ఞాపకమే. వందన సమర్పణ చేయవలసిన హెడ్మాస్టరు గారు ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క తుమ్ము సమర్పించారు. (నవ్వులు, చప్పట్లు)

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. ఇక మనవికి వస్తాను.

ఆ మరునాటి నుంచి ఏడో తరగతిలో సగం మంది ఎడమ చేత్తో రాయటం మొదలుపెట్టారు. రూతమ్మ టీచరులా విమానం తోలాలంటే అదే మార్గమని వాళ్ళ నమ్మకం. తల్లిదండ్రులు కమిటీ వారి దగ్గరకు వెళ్ళారు. నిన్న హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి కమిటీ మాటగా చెప్పారు, ఆయన చాలా ఇబ్బందిపడుతూ చెప్పారు. పెట్టెలో పుల్లలు మళ్ళీ మామూలు పద్ధతికి మార్చి అప్పగించాలి. గుంటూరు నుంచి కుడిచేతి వాటం మాస్టరు వస్తారు. రూతమ్మ టెంపరరీ ఉద్యోగం ఈ నెలాఖరుతో సరి.

అయ్యా, రాత్రి పెట్టెను, స్క్రూడ్రైవరును ఇంటికి తీసుకెళ్ళాను. ఇదిగో, ఇంకా జేబులోనే ఉంది. మూత విప్పటానికి నాకు మనసొప్పలేదు. పాతికేళ్ళు దాటిన అమ్మాయి చేతిని మళ్ళీ గుడ్డతో కట్టేస్తున్నట్టు అనిపించింది. ఇన్నేళ్ళలో నేను చెప్పిన సైన్సు అంతా మీరు మర్చిపోండి, పర్వాలేదు, నేనే సగం మర్చిపోయాను. కానీ నా తర్వాత ఆ గదిలోకి వెళ్ళవలసిన మనిషి ఎవరో నాకు తెలుసు. మీకు కూడా తెలుసు. ఆ రోజు అందరూ ఇక్కడే ఉన్నారు. మీరు కప్పిన ఈ శాలువా తీసి మడత పెట్టి బల్ల మీద ఉంచుతున్నాను. పెట్టె ఆ అమ్మాయికి అప్పగిస్తే కప్పుకుంటాను. లేదంటే వచ్చే మాస్టరు గారికి కప్పండి, దీనికి పుల్లలేమీ లేవు, ఏ చేతి వాటానికైనా పనికొస్తుంది. అధ్యక్షుల వారు కోప్పడినా సరే, సమాధానం కావాలి.

(అధ్యక్షులు ఏదో అన్నారు.)

మైకు దగ్గరకు రానంటున్నారు. కూర్చున్న చోటి నుంచే చెబుతున్నారు. వెనక వాళ్ళకు వినపడదు గనక నేనే ఉన్నదున్నట్టు చెబుతాను. "ఏ చేత్తో దింపిందో నేను చూళ్ళేదు మాస్టారూ. నా కళ్ళ నిండా కారం. నా తల మీదికి రాలేదని మాత్రం తెలుసు. ఆ పెట్టె విప్పమాక. ఆ పిల్లనే ఉండనీ."

(చప్పట్లు, ఈలలు)

ఒరేయ్, గోడ! గోడ జాగ్రత్త!

అయ్యా, వెంకట్రామయ్య గారూ, మీకు నమస్కారం. కళ్ళు తుడుచుకుంటున్నాను గానీ ఇది కారం కాదు. అమ్మా రూతమ్మా, పైకి రా తల్లీ. ఇదిగో పెట్టె, ఇవిగో సైన్సు గది తాళాలు. అబ్బే, కుడి చెయ్యి చాపుతోంది చూడండి! పాపమ్మ గారూ, మీరే చెప్పండి ఆ పిల్లకు, నా మాట వినేట్టు లేదు.

విన్నారా? "నీకు ఏది వాటమైతే దాంతో తీసుకోవే" అంది వాళ్ళమ్మ. తీసుకుంది. ఎడమ చేత్తోనే, ఇంతమంది పెద్దల ఎదురుగా.

శాలువా కప్పుకుంటున్నాను. నన్ను ఇన్నేళ్ళు భరించిన ఈ ఊరికి, నా ఆముదం వాసనను భరించిన మా ఆవిడకు కృతజ్ఞతలు. సాయంత్రం ఎండ తగ్గాక మన టీచరమ్మ విమానం ఎగరేస్తుంది. నేను గోడ మీద కూర్చుని చూస్తాను, కొంచెం జరగండ్రా. ఇక నాకు సెలవు.