కప్పు కింద కప్పులు

ఉత్తర ఇంగ్లండులో ఒక ఊరు. ఊరి నడిబొడ్డు నుంచి కొత్త భవనంలోకి మార్చిన మార్కెట్టు. మంగళవారం పొద్దున పదిన్నర. పింగాణీ కొట్టు.

"మీ మార్కెట్టు ఆఫీసు కాగితం అక్కడ పెట్టకు నాయనా. కింద ఉన్నది ఎనిమిది మంది భోంచేసే ప్లేట్ల సెట్టు. కాగితం బరువుకి పగలవు గానీ, అందులో రాసినదాని బరువుకి పగులుతాయి."

"సంతకం పెట్టేస్తే తీసుకెళ్ళిపోతాను, మిసెస్ క్రాబ్‌ట్రీ. రెండు నిమిషాల పని."

"సంత లాక్కున్నారు. ఇప్పుడు సంతకం కూడా కావాలా?"

"సంత ఎక్కడికీ పోలేదండీ. అక్కడి నుంచి ఇక్కడికొచ్చింది, అంతే."

"వచ్చింది మేము. సంత ఇంకా దారిలోనే ఉంది. అటు చూడు లెడ్‌బెటరూ, నీకు కళ్ళున్నాయిగా! నలభై కొట్లలో ఎన్ని తెరిచున్నాయి?"

"పదకొండు."

"నాతో కలిపి పదకొండు. ఎదురుగా క్లిఫ్ ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళు చీజ్ అమ్మినవాడు, చీదరించుకుని పోయాడు. పక్కన చేపలాయన పక్క ఊరు ఈదుకుంటూ పోయాడు. ఇప్పుడు నాకు తోడెవరూ? కుండీలో మొక్క. అది కూడా ప్లాస్టిక్‌ది."

"జనం అలవాటు పడటానికి టైము పడుతుంది. ఎంత ఖర్చు పెట్టి కట్టామో మీకు తెలుసుగా? గాజు తలుపులు, వెచ్చగా ఉండే నేల, వాన పడని కప్పు..."

"అదే చెప్తున్నా! పాత మార్కెట్లో కప్పు కారేది, కింద నా కప్పులు కదిలేవి. ఇక్కడ కప్పు కదలదు, నా కప్పులూ కదలవు."

"రోజుకి తొమ్మిది వందల మంది లోపలికొస్తున్నారని తలుపు దగ్గర మిషను చూపిస్తోంది."

"వస్తున్నారు, ఎందుకు రారూ? ఊళ్ళో డబ్బులడగని మరుగుదొడ్డి ఇదొక్కటే. తిన్నగా వస్తారు, తేలిగ్గా పోతారు. మీ మిషనుకి వచ్చేవాళ్ళే తెలుసు, ఎందుకొచ్చారో తెలీదు."

"మేమూ చూస్తూ ఊరుకోలేదుగా. పోస్టర్లు వేశాం. శనివారాలు గిటారు అబ్బాయిని పెట్టాం."

"పెట్టారు. వాడికి మైకు, నాకు మూకుడు. వాడు నా పక్కనే నిలబడి పొద్దున్నించి సాయంత్రం దాకా ఏడుస్తాడు, అది సంగీతం. నేను నోరు తెరిచి 'రండమ్మా, టీ సెట్టు' అంటే అది గోల."

"అతని మీద ఫిర్యాదులు లేవు. మీ మీద తొమ్మిది ఉన్నాయి."

"తొమ్మిదీ ఒక్కరివే."

"మీకెలా తెలుసు?"

"పోయినసారి నువ్వే చెప్పావు నాయనా. ఈ మార్కెట్టు మీది ఫ్లాట్లలో మూడో అంతస్తు, ముప్ఫై ఒకటో నంబరు. మంగళవారం అరిస్తే బుధవారం ఉత్తరం. శనివారం అరిస్తే సోమవారం ఉత్తరం. లెటర్లు రాసేది ముప్ఫై ఒకటి, లెటర్లు మోసేది లెడ్‌బెటరు."

"నా పేరుతో ఆడుకోకండి, ప్లీజ్. చిన్నప్పటి నుంచీ పడుతున్నాను."

"సరే, ఆడుకోను. ఇంతకీ ఏం రాశారు ఆ తొమ్మిదింట్లో?"

"ధ్వని."

"ధ్వని అంటే?"

"ఫారంలో గళ్ళుంటాయి. చెత్త, వాసన, లిఫ్టు, ధ్వని. అందులో ధ్వని అన్న గడిలో టిక్కు పెట్టారు. తొమ్మిదిసార్లూ."

"దాని కింద ఏమీ రాయలేదా?"

"రాసే ఉంటారు. ఆ పేజీ మా దగ్గరికి రాదు. మాకు గడి, తేదీ, ఫ్లాటు నంబరు, అంతే వస్తాయి."

"అంటే గడి చూసి నా గడియ ముగించేస్తున్నారన్నమాట."

"మిసెస్ క్రాబ్‌ట్రీ, ఇది నాలుగో నోటీసు. నవ్వులాట కాదు. 'ఈ ఆవరణలో ఇకమీదట కేకలు వేసి సరుకు అమ్మను' అని సంతకం పెడితే మీ కొట్టు మీకుంటుంది. పెట్టకపోతే శనివారం సాయంత్రానికి ఖాళీ చెయ్యాలి. పదకొండింటికల్లా నేను ఆఫీసులో చెప్పాలి. నా చేతిలో ఏమీ లేదు."

"నీ చేతిలో పెన్నుంది. నా చేతిలో పింగాణీ ఉంది. చూద్దాం ఏది ముందు విరుగుతుందో."

"ఎందుకండీ ఇంత పంతం? ధర చీటీలు అంటించండి. ఇప్పుడందరూ అదే చేస్తున్నారు. కొనేవాళ్ళు చూసుకుని కొనుక్కుంటారు."

"చీటీలు అంటించిన పదిమంది కొట్లు అటేపున్నాయి, వెళ్ళి అడుగు ఎంతమంది చూసుకున్నారో, ఎంతమంది కొనుక్కున్నారో! మా అమ్మమ్మ అరిచి అమ్మింది. మా అమ్మ అరిచి అమ్మింది, నేను కడుపులో ఉండగా అరిచి అమ్మింది. నేను పుట్టాక ఏడవలేదట, ధర చెప్పానట. కొత్త కట్టడం కట్టుకున్నారు, సంతోషం. నా నోరు కట్టడం దేనికీ?"

"అయితే పెట్టనంటారు."

"ఆ మాట ఇంకా అనలేదు. బోణీ కాలేదు. బోణీ కాకుండా పెన్ను ముట్టుకోను. మా వంశంలో ఎవరూ ముట్టుకోలేదు. మొదటి నాణెం చేతిలో పడాలి, దాని మీద తుపుక్కున ఉమ్మాలి, ఏప్రన్ జేబులో వెయ్యాలి. ఆ తర్వాతే మిగతా లోకం."

"ఉమ్ముతారా?"

"మీ ఆఫీసులో వచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర కొట్టరూ? ఇది మా ముద్ర."

"పది ముప్పావు అయింది, ఇంకా బోణీయే కాలేదా?"

"మొన్న శనివారమైతే రెండింటికి అయింది. అడక్కు."

"సరే... సరే. నేనే బోణీ చేస్తాను. చేస్తే పెన్ను పట్టుకుంటారా?"

"పట్టుకుంటాను. మాటంటే మాటే."

"ఆ కప్పు ఎంత?"

"ఏ కప్పు?"

"ఆ నీలం అంచుది."

"అది ఒంటరిది కాదు, దానికి కుటుంబం ఉంది. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, పాలగిన్నె, చక్కెరగిన్నె, టీ కూజా. విడదీసి అమ్మితే పాపం తగుల్తుంది."

"సరే, మొత్తం ఎంత?"

"నాకు ధర చీటీలు లేవని ఇందాకే నువ్వు దెప్పావు. నా ధర నోట్లోంచి వస్తుంది."

"చెప్పండి మరి. మెల్లగా."

"మెల్లగా చెప్తే అది ధర కాదు నాయనా, గుసగుస. నాకు అరవకుండా అమ్మడం రాదు, అరవకుండా అమ్మింది అమ్మకమూ కాదు, దానితో బోణీ అవ్వదు. కాస్త వెనక్కి జరుగు."

"మిసెస్ క్రాబ్‌ట్రీ, వద్దు. నేను నోటీసు ఇవ్వడానికొచ్చాను. నా ముందే..."

"రండమ్మా రండి! రండయ్యా రండి! ఇదిగో నీలం అంచు సెట్టు! మొత్తం సెట్టు ఒక్క చేతి మీద! చూడు, గాల్లోకి!"

"అయ్యో, అయ్యో, పడిపోతాయి!"

"పడవు! నలభై ఏళ్ళలో ఈ చేతుల్లోంచి జారింది మొదటి మొగుడొక్కడే! విన్నావా ఆ చప్పుడు? గణగణ! పగులుంటే అలా మోగదు, మనిషైనా కప్పైనా! పెద్ద షాపులో దీనికి అరవై పౌన్లు అడుగుతారు, అడగనీ, వాళ్ళకి అద్దాల మేడలున్నాయి! నాకూ ఉంది ఇప్పుడు అద్దాల మేడ, అయినా అరవై అడగను! యాభై అడగను! నలభై అడిగానా, ఈ కూజా నా నెత్తి మీద పగలగొట్టండి!"

"జనం చూస్తున్నారు..."

"చూడనీ! మూడు నెలల్నుంచి ఎవరైనా చూడాలనే కదా! ముప్ఫై! ఎవరూ నోరు మెదపరేం? టీ తాగడం మానేశారా ఊళ్ళో? ఇంకో రెండు గిన్నెలు పైన పెడతా, ఇదిగో, ఇదిగో! ఇరవై అయిదు! ఇరవై! ఇంక నువ్విలా రా నాయనా..."

"ఏంటి?"

"ఇలా రా."

"వినపడట్లేదు."

"ఇంకా దగ్గరికి. మనిద్దరి మధ్యే ఉండాలి."

"ఆఁ, చెప్పండి."

"పన్నెండు."

"తీసుకున్నాను!"

"చూశావా?"

"నేను... నేనెందుకు కొన్నాను? మా ఇంట్లో రెండు సెట్లున్నాయి."

"నాలుగు అడుగులు ముందుకొచ్చావు కాబట్టి కొన్నావు. అదే విద్య. పై ధర మేడ కదిలేలా అరవాలి, చివరి ధర చెవిలో చెప్పాలి. రహస్యం అనేసరికి ఎంతటివాడైనా మెడ చాస్తాడు. మెడ చాచినవాడు చెయ్యి చాస్తాడు. ఇప్పుడు నాకది ఎంత అలవాటంటే, ఎదురుగా ఒక్క నరమానవుడు లేకపోయినా ఇరవై దాటేసరికి గొంతు దానంతటదే దిగిపోతుంది. ఏదీ, డబ్బులు?"

"కార్డుంది."

"కార్డు మీద ఉమ్మమంటావా?"

"వద్దు, వద్దు! ఆగండి. ఒక రెండు పౌన్ల నాణెం ఉంది. మిగతాది కార్డు."

"చాలు. తుపుక్! దేవుడు చల్లగా చూడాలి. నీ చేతి బోణీ ఎంత బాగుంటుందో చూద్దాం."

"ఇక పెన్ను పట్టుకోండి. పదకొండుకి మూడు నిమిషాలు."

"పట్టుకున్నాను."

"అక్కడ, గీత మీద."

"పట్టుకుంటానన్నాను నాయనా. పెడతానన్నానా?"

"మిసెస్ క్రాబ్‌ట్రీ!"

"నలభై ఏళ్ళుగా ప్లేట్లు అమ్ముతున్నాను, ఇప్పుడు ప్లేటు ఫిరాయిస్తానా? విను. నోరు మూసుకుంటే కొట్టు ఉంటుందంటున్నావు. ఏ కొట్టు ఉంటుంది? అల్మారా ఉంటుంది. కప్పులతో నిండిన అల్మారా, దాని పక్కన మాటరాని ముసల్ది. ఆ పదిమంది నోళ్ళు మూసుకుని కూర్చుంటే ఏమైంది? నోళ్ళ తర్వాత కొట్లు మూసుకుంటున్నారు. పాత చోట నా గొంతు విని బస్సు దిగేవాళ్ళు జనం. నేను ఆగిపోతే ఇక్కడ మార్కెట్టుందని గుర్తుచేసేది ఇంకేమీ మిగలదు, మీ పోస్టరు తప్ప. ఇదిగో నీ పెన్ను. శనివారం సాయంత్రం దాకా నాదే కదా చోటు? అప్పటిదాకా అరుస్తాను. ఆ తర్వాత బయట వానలో నిలబడి అరుస్తాను."

"అలా అయితే, సంతకానికి నిరాకరించారు అని రాస్తాను. నాకు ఇష్టం ఉండి రాయట్లేదు."

"పెద్ద అక్షరాలతో రాయి. అక్షరాలైనా అరవనీ."

"మేవిస్ క్రాబ్‌ట్రీ! ఏయ్ మేవిస్! అమ్మేశావా?"

"ఎవరూ... ఐవీ! కర్ర పట్టుకుని అలా పరిగెత్తుకొస్తావేంటి, పడతావ్! ఎన్నాళ్ళయింది నిన్ను చూసి! లెడ్‌బెటరూ, ఆ స్టూలిటు లాగు. ఈవిడ పెళ్ళి టీ సెట్టు మా అమ్మ చేతుల మీదుగా వెళ్ళింది. పాత మార్కెట్టు వెనక సందులో ఉండేది."

"ఆ సందు ఎప్పుడో పడగొట్టారు. మమ్మల్ని తెచ్చి ఈ మేడ మీద పెట్టారు. అది తర్వాత మాట్లాడుకుందాం, ముందు చెప్పు, నీలం అంచు సెట్టు ఉందా, పోయిందా?"

"ఒక్క నిమిషం అమ్మా. మేడ మీదంటే ఎక్కడ?"

"మూడో అంతస్తు. ముప్ఫై ఒకటి. నువ్వెవరబ్బాయ్?"

"మార్కెట్టు ఆఫీసు. మిసెస్ క్రాబ్‌ట్రీ... ఫిర్యాదులు రాసింది ఈవిడే."

"నువ్వా? ఐవీ, నువ్వా? తొమ్మిది ఉత్తరాలు నువ్వు రాశావా? మా అమ్మ చేతి కప్పులో టీ తాగుతూ నా కొట్టు మూయించడానికి రాశావా?"

"రాశాను. పదోది కూడా సంచిలో ఉంది, ఇదిగో. ఆఫీసతనే ఉన్నాడుగా, తపాలా బిళ్ళ ఖర్చు మిగిలింది. తీసుకో అబ్బాయ్. ఈసారైనా గడి ఒక్కటే కాదు, కింద రాసింది చదువు. గట్టిగా చదువు, మేవిస్ కూడా వినాలి."

"'అయ్యా, మా అంతస్తులో పాత సందు వాళ్ళం ముప్ఫై ఆరుగురం ఉన్నాం. మంగళవారం, శనివారం కింద మార్కెట్టు నుంచి పైకొచ్చే గాలి గొట్టం దగ్గర కుర్చీలేసుకుని కూర్చుంటాం. నలభై వినిపిస్తుంది, ముప్ఫై వినిపిస్తుంది, ఇరవై దాటాక ఒక్క ముక్క వినిపించదు. మా లిఫ్టు దిగడానికి పది నిమిషాలు పడుతుంది, చివరి ధర తెలియకుండా ఎలా దిగుతాం? దయచేసి ఆ గిటారు కుర్రాడిని ఆపి, మేవిస్‌ని ఇంకా గట్టిగా అరవమనండి.'"